ఆకాశపు పద్దుపుస్తకము

క్రిందటి వేసవి సెలవులకు ముందు పైతరగతి విద్యార్థి యొకడు మమ్ము నొక ప్రశ్న యడిగెను. ఆకాశము అందఱికిని ఒక్కటియే కదా, అందు ఏ జ్యోతి యెక్కడ నున్నదో ఒక్క విద్వాంసుడు వ్రాసిపెట్టిన చాలదా, దానికి ఇన్ని దేశములవారు ఇన్ని సంవత్సరములు ఏల శ్రమపడవలెను అని. అప్పుడు మేము చెప్పిన సమాధానము బాలునికి తృప్తి కలిగించినదో లేదో యెఱుగము గాని, మాకు మాత్రము కలిగింపలేదు. కావున ఈ సంచికయందు మా యభిప్రాయమును కొంత వివరముగా వ్రాయ సాహసించుచున్నాము. మేము ఖగోళశాస్త్రజ్ఞులము గాము. పాఠశాలలో భౌతికశాస్త్రమును బోధించువారము మాత్రమే. చదువరులు ఆ మాత్రపు తూకముతోనే మా మాటలను గ్రహింతురు గాక.

మొదట మన యింటి సంగతి చెప్పెదము. 1887 సంవత్సరమున పారిసు వేధశాలాధిపతియగు మూషే దొరగారి ప్రేరణచే పలుదేశముల ఖగోళజ్ఞులు ఆ నగరమున సమావేశమై, ఆకాశము నంతటిని ఛాయాచిత్రములుగా తీసి, పదునొకండవ తరగతి ప్రకాశము వఱకు గల నక్షత్రములనెల్ల పట్టికగా వ్రాయ నిశ్చయించిరి. ఆకాశమును అక్షాంశములవలె పట్టీలుగా విభజించి, ఇంచుమించు ఇరువది వేధశాలలు పంచుకొన్నవి. దక్షిణమున 17 డిగ్రీలు మొదలు 23 డిగ్రీల వఱకు గల పట్టీ తుదకు హైదరాబాదులోని నిజామియా వేధశాల పాలబడెను. 1914లో ఆరంభమైన యాపని 1929 వఱకు సాగెను. పోకాక్ దొరగారును, వారి వెనుక టి. పి. భాస్కరన్ గారును దానిని నడపిరి. అటుపిమ్మట జర్మనీ దేశమందలి పాట్స్‌డామ్ వేధశాల భాగమున మిగిలిపోయిన ఉత్తరపు పట్టీలో 36 డిగ్రీలు మొదలు 39 డిగ్రీల వఱకు గల తునకను గూడ మనవారే తలకెత్తుకొని 1938 నాటికి ముగించిరి. ఈ సంగతి మన విద్యార్థులలో ఎందఱికి తెలియునో మాకు సందేహమే.

పని ముగిసినది, పుస్తకములు అచ్చయినవి. కాని ఒక్కొక్క వేధశాల తన పలకలపై తాను కొలిచిన కొలతలను తన పద్ధతిలోనే అచ్చువేయించెను. ఒకరి యంకెలను మఱియొకరి యంకెల ప్రక్కన పెట్టి చూచుటకు వీలులేదు. కొలతలను ఆకాశమందలి నిజస్థానములుగా మార్చవలెనన్న పెద్ద గణితము చేయవలెను. అందుచేత ఆ సంపుటములు పలు గ్రంథాలయములయందు దుమ్ము క్రింద పడియుండెను. 1990 తరువాత అమెరికా నౌకాదళ వేధశాలవారు 22 పట్టీల యంకెలను ఒక్క చట్రమున కెక్కించి, 46 లక్షల నక్షత్రముల పట్టికగా వెలువరించిరి. ఆ ప్రాత స్థానములను హిపార్కస్ ఉపగ్రహము కొలిచిన క్రొత్త స్థానములతో పోల్చి, ఏ నక్షత్రము ఎంత జరిగినదో లెక్కకట్టి, 2000 సంవత్సరమున టైకో-2 అను పట్టికను ప్రకటించిరి. హైదరాబాదులో పలకల ముందు కన్నులు కాయలు కాచునట్లు కూర్చున్నవారి శ్రమ ఫలించుటకు డెబ్బది యేండ్లు పట్టెను. వారు సోమరులు గారు, తప్పుగా కొలిచినవారు గారు. అందఱును ఒకే పనిని పంచుకొనిరి గాని, ఒకే తీరున వ్రాయలేదు. అదియే లోపము.

ఇక రేడియో ఆకాశమునకు వత్తము. 1933లో కార్ల్ జాన్‌స్కీ అను అమెరికా దేశపు ఇంజనీరు, దూరభాషణమునకు అడ్డువచ్చు గరగర ధ్వనుల కారణమును వెదకుచు, వానిలో నొకటి పాలపుంత నడిమినుండి వచ్చుచున్నదని ప్రకటించెను. ఆ ధ్వని దినదినము నాలుగు నిమిషములు ముందుగా వచ్చుచుండుటయే గుర్తు. సూర్యుని దినము 24 గంటలు, నక్షత్రముల దినము 23 గంటల 56 నిమిషములు కదా. 1937లో గ్రోట్ రీబర్ అను యువకుడు వీటన్ అను ఊర తన యింటి పెరటిలో 9 మీటర్లకు మించిన లోహపు పళ్ళెమును స్వయముగా నిర్మించి రేడియో ఆకాశపు చిత్రములను గీచెను. ఆనాడు ఒక్కడు చాలెను. విద్యార్థి ప్రశ్నకు అది కొంత ఊతమే.

కాని నేటి దూరదర్శిని ఒక్క పళ్ళెము గాదు. పూనాకు ఉత్తరమున ఖొడద్ గ్రామము చెంత, గోవింద్ స్వరూప్ గారి నాయకత్వమున కట్టబడినది 45 మీటర్ల వ్యాసము గల 30 పళ్ళెముల సముదాయము. 25 కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. ఇవి ఆకాశమును కంటివలె చూడవు. రెండేసి పళ్ళెములు పట్టిన తరంగములను గుణించి, ఆ గుణకములనుండి కంప్యూటరు చిత్రమును కూర్చును. ప్రతి పళ్ళెపు గ్రాహకయంత్రమునకు దాని దోషము దానికి గలదు. పైన అయనావరణము కదలుచుండును. కోనేటి యడుగున పడిన రూపాయి, నీరు కదలినపుడెల్ల అటునిటు ఊగినట్లు జ్యోతులు తమ చోట్లనుండి ఊగును. ఈ దోషములను సవరించుటకు, ఆకాశమున ఆ దిక్కున ఏమేమి యున్నదో ముందుగానే కొంత తెలిసియుండవలెను. ఆ తెలిసినదానినే ఆకాశపు నమూనా యందురు. అది యొక పట్టిక. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క రేడియో జనకము: దాని స్థానము, దాని ప్రకాశము, ఆ ప్రకాశము తరంగదైర్ఘ్యమును బట్టి మాఱు తీరు, అది చుక్కవలె నున్నదో మబ్బువలె సాగియున్నదో. కొన్నింటికి తేదీ గూడ కావలెను. కేసియోపియా రాశియందలి ప్రసిద్ధ విస్ఫోటశేషము ఏటికేట మసకబారుచున్నది గనుక నిరుటి యంకె నేటికి సరిపడదు.

చూడుడు, ఇది వింత చిక్కు. ఆకాశమును తెలిసికొనుటకు యంత్రమును సవరింపవలెను. యంత్రమును సవరించుటకు ఆకాశము తెలియవలెను. త్రాసు సరిగా నున్నదో లేదో తెలియదు, త్రాసులోని వస్తువు బరువును తెలియదు. వర్తకుడైన ఎఱిగిన రాయి నొకదానిని వేసి త్రాసును పరీక్షించును. ఖగోళజ్ఞుడు ఎఱిగిన జ్యోతులతో యంత్రమును సవరించి, ఆ యంత్రముతో ఎఱుగని జ్యోతులను కనిపెట్టి, వానిని నమూనాలో చేర్చి, మరల యంత్రమును సవరించును. ఇట్లు పలుమాఱులు త్రిప్పుదురు. 1980 ప్రాంతమున స్థిరపడిన ఈ పద్ధతికి స్వయంక్రమాంకనమని పేరు పెట్టవచ్చును.

ఇందు నమూనా తప్పయిన నేమగును? మాకు దీనిలో అన్నిటికంటె ముఖ్యమని తోచునది ఇదియే. నమూనాలో ఒక జనకమును వ్రాయ మఱచితిమనుకొందము. దాని తరంగములు మాత్రము పళ్ళెములకు చేరుచునే యున్నవి. లెక్క కుదరదు. అప్పుడు ప్రోగ్రాము ఆ తేడాను పళ్ళెముల దోషముగా భావించి సవరించును. పద్దు కుదరనప్పుడు తేడాను మఱియొక ఖాతాలో దాచి మొత్తము సరిచేయు గుమాస్తా ఎట్లో, ఇదియు నట్లే. ఒక్కటే భేదము, ఇచ్చట దురుద్దేశము లేదు. మొత్తము సరిపోవును, పుస్తకము శుభ్రముగా కనబడును, కాని లోపల తప్పు నిలిచిపోవును. అంతేకాదు, లేని జ్యోతులు పుట్టుకొని వచ్చును. నెదర్లాండ్సు దేశపు వెస్టర్‌బార్క్ దూరదర్శిని చిత్రములయందు వరుస తీర్చి నిలిచిన ఇట్టి దయ్యపు జ్యోతులను గ్రోబ్లర్, స్మిర్నోవ్ మొదలగువారు 2014లో గణితముతో వివరించి, అవి యసంపూర్ణమగు నమూనావలన పుట్టినవని చూపిరి. నిజముగా నున్న మసకజ్యోతుల వెలుగు కూడ ఇట్లే కొంత హరించిపోవును.

తప్పు పట్టికవలన కలుగు చిక్కులకు ప్రాత యుదాహరణము గలదు. 1955లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మార్టిన్ రైల్ గారి బృందము 1936 రేడియో జనకముల పట్టికను ప్రకటించెను. దానిని బట్టి దూరమునకు పోయినకొలది జనకముల సంఖ్య విశేషముగా పెరుగుచున్నదనియు, కావున విశ్వము ఎల్లప్పుడు ఒక్కతీరుగ నుండునను హాయిల్ ప్రభృతుల సిద్ధాంతము నిలువదనియు రైల్ గారు వాదించిరి. ఆస్ట్రేలియా దేశమున బెర్నార్డ్ మిల్సు గారును వారి సహచరులును వేఱొక రీతి యంత్రముతో అదే యాకాశమును చూచి, 1957లో రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టిరి. పట్టుమని సరిపోలిన జనకములు బహుస్వల్పము! కేంబ్రిడ్జి యంత్రపు చూపు వెడల్పు; దానిలో పలు మసకజ్యోతులు కలసి ఒక్క ప్రకాశజ్యోతిగా కనబడెను. తగవు కటువుగానే జరిగినది. తుదకు కేంబ్రిడ్జివారు క్రొత్త కొలతలతో 1959లో మూడవ పట్టికను సిద్ధపఱచిరి. 471 జనకములు గల ఆ పట్టికలోని సంఖ్యలతో నేటికిని ఆయా జ్యోతులను పిలుచుచున్నారు. విశ్వము మాఱుచున్నదన్న రైల్ గారి మాట తరువాత నిలిచినదని గూడ చెప్పుట న్యాయము. కాని ఆ నిలుకడ రెండవ పట్టిక పుణ్యము గాదు. మిల్సు గారు వేఱుగా చూడకున్నచో, ఆ 1936 పద్దులను ఎన్నాళ్ళు నమ్మియుందురో!

నేడు పట్టికను చేతితో వ్రాయువారు లేరు, ప్రోగ్రాములు వ్రాయును. కావున పట్టికను నమ్ముట యనగా ప్రోగ్రామును నమ్ముట. మా వాదము ఇక్కడ మొదలగుచున్నది. ఆ ప్రోగ్రాములు పలువురు కలసి, పదిమందికి కనబడునట్లు, వ్రాయవలెనని మా నిశ్చితాభిప్రాయము.

కొందఱు దీనికి అడ్డుచెప్పుదురు. తన దూరదర్శిని గుణదోషములు తనకు తెలిసినట్లు పరులకు తెలియవు. కనుక తన ప్రోగ్రామును తానే వ్రాసికొని తన పెట్టెలో నుంచుకొనుట మేలు అందురు. ఇది పూర్తిగా త్రోసివేయదగిన మాట గాదు. పెద్ద సంఘములు పెద్ద చిక్కులను గూడ తెచ్చును. 1990 తరువాత అమెరికా, ఆస్ట్రేలియా, నెదర్లాండ్సు మున్నగు దేశముల సంస్థలును, మన పూనా సంస్థయు కలసి ఎయిప్స్ ప్లస్ ప్లస్ అను ఉమ్మడి సాఫ్ట్‌వేరును తలపెట్టిరి. పని అనుకొన్నదానికంటె చాల కాలము పట్టెను. చాలమంది తమ ప్రాత ప్రోగ్రాములనే పట్టుకొనియుండిరి. సంఘమును కడకు విడిపోయెను. అయినను వ్రాసినది వ్యర్థము గాలేదు. దానినుండియే కాసా యను సాఫ్ట్‌వేరు పుట్టి నేటికిని పెక్కు దూరదర్శినులకు ఉపయోగపడుచున్నది. దాచిన పెట్టెలోని ప్రోగ్రామునకు ఇట్టి పునర్జన్మ యెక్కడిది? దాని యజమాని మఱియొక కొలువునకు పోయిననాడే అది మూగవోవును.

కలసి వ్రాయుట యనగా గుంపుగా కూర్చుండి వ్రాయుట గాదు. అమెరికా విశ్వవిద్యాలయములవారు ముఖ్యముగా నడపుచున్న రేడియో ఖగోళ సాఫ్ట్‌వేరు బృందము మాకు మంచి యుదాహరణముగా తోచుచున్నది. వారు పైయూవీడేటా అను ప్రోగ్రామును 2017లో ప్రకటించిరి. ఒక్కొక్క దూరదర్శిని ఒక్కొక్క తీరున వ్రాయు కొలతలను ఒక్క తీరున చదువుట దాని పని. ఆకాశపు నమూనాలకు అట్టిదే పైరేడియోస్కై. ఎవరైనను ఒక పంక్తిని మార్చదలచినచో ఆ మార్పును అందఱి యెదుట పెట్టవలెను. వేఱొకరు దానిని చదివి, ప్రశ్నించి, సమ్మతింపవలెను. ముందే వ్రాసియుంచిన పరీక్షలు తమంతట తామే జరిగి, ప్రాత లెక్క చెడినచో తెలియజేయును. ఎవరు ఎన్నడు ఏ పంక్తిని ఏల మార్చిరో చరిత్ర యంతయు నిలిచియుండును. హైదరాబాదు పలకల కాలమున ఇట్టి పద్ధతి యుండియున్నచో డెబ్బది యేండ్లు నిరీక్షింప నక్కఱ లేకపోయెడిదని మాకు అనిపించుచుండును.

పందెము చిన్నది గాదు. విశ్వమున మొదటి నక్షత్రములు వెలిగిన కాలమునాటి హైడ్రోజను వాయువు పంపిన మిక్కిలి క్షీణమగు తరంగమును నేడు వెదకుచున్నారు. దానికి ముందు అడ్డుగా నున్న పాలపుంతయు ఇతర జనకములును దానికంటె వేలరెట్లు ప్రకాశవంతములు. ఆ వెలుగునంతయు లెక్కలో తీసివేయవలెను. తీసివేతలో చిన్న పొరపాటు జరిగిన వెదకునది గూడ చెత్తతో కొట్టుకొనిపోవును. దక్షిణాఫ్రికాలోని పేపర్ అను దూరదర్శిని బృందము 2015లో ఈ తరంగము ఇంతకు మించియుండజాలదని యొక హద్దును ప్రకటించెను. తరువాత వారే తమ లెక్కను మరల పరీక్షించి, తమ పద్ధతి అసలు తరంగమును గూడ తుడిచివేయుచున్నదని కనుగొని, 2018లో ఆ ఫలితమును సవరించుకొనిరి. తమ తప్పును తామే బయటపెట్టినవారిని చూచి నవ్వువారు లేకపోరు. మేము మాత్రము వారికి నమస్కరింతుము.

ఇంతవఱకు చెప్పినదానిని విని, అట్లయిన లోకమున కంతటికి ఒక్క ప్రోగ్రాము, ఒక్క పట్టిక చాలునా యని యడుగవచ్చును. చాలదు. ఇచ్చట మా స్వానుభవ మొకటి చెప్పెదము. ఒక యేడు మా తరగతిలో లఘులోలకముతో గురుత్వత్వరణమును కొలుచు ప్రయోగము చేయించితిమి. నోటుపుస్తకములు దిద్దుచుండగా నలుబదింటిలో ముప్పదికి పైగా ఒకే తప్పుటంకె కనబడెను. మొదటివాడు లోలకపు పొడవును గోళపు కేంద్రము వఱకు గాక కొక్కెము వఱకే కొలిచెను. తక్కినవారు అతని యంకెను నమ్మిరి. వారును కలసియే పనిచేసిరి కదా! పదిమంది ఒప్పుకొనిన యంకె యని మేమును ఒక నిమిషము మోసపోతిమి. ఆ తప్పు బయటపడినది, వెనుక బల్లమీద ఒంటరిగా తానే కొలిచికొనిన యొక బాలుని వలన.

ఆకాశమునందును ఇట్లే. పైని చెప్పిన ఖొడద్ దూరదర్శినితో 2010 మొదలు 2012 వఱకు 150 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశమున పదింట తొమ్మిదిపాళ్ళు పరిశీలించిరి. ఆ కొలతలను హ్యూబ్ ఇంటెమా గారును సహచరులును తాము కూర్చిన ప్రోగ్రాముతో శుద్ధిచేసి, 6 లక్షల 20 వేల జనకముల పట్టికను 2017లో ప్రచురించిరి. ఇతరుల కొలతలనుండి ఇంతటి పట్టికను తీయుట సామాన్యమైన పని గాదు. ఆ సంవత్సరమే ఆస్ట్రేలియానుండి గ్లీమ్ అను పేరున 3 లక్షల 7 వేలకు పైబడిన జనకములతో మఱియొక పట్టిక వెలువడెను. నటాషా హర్లీ వాకర్ గారు రెండింటిని పోల్చి, మొదటి పట్టికలో కొన్ని భాగములయందు ప్రకాశపు కొలత హెచ్చుతగ్గులుగా నున్నదని చూపి, ఉభయమునకు సామాన్యమగు భాగమునకు సవరించిన యంకెలను గూడ ఒసగిరి. రైల్, మిల్సు గార్ల తగవు ఏండ్లకొలది సాగినది. ఇది నెలలలో తీఱెను. కారణము, రెండు పట్టికలును ఎవరైనను తీసికొని చూచుటకు తెఱచియుండుటయే. కావున మేము కోరునది, తెఱచిన పుస్తకములు రెండు; మూడైన మఱియు మేలు. ఒకరి వ్రాత నింకొకరు చదువవలెను, కాని ఒకరి కొలతను ఇంకొకరు ఎత్తివ్రాయరాదు.

మఱియొక సంగతి మాకు మనస్సున గ్రుచ్చుకొనుచున్నది. క్రొత్త జ్యోతిని కనుగొన్నవాని పేరు పత్రికలకెక్కును. ఆ జ్యోతిని చూపిన ప్రోగ్రామును పదేండ్లు కాపాడి, తప్పులు దిద్దిన వాని పేరు ఎవరెఱుగుదురు? విశ్వవిద్యాలయములవారు ఆచార్యపదవి నిచ్చునపుడు వ్యాసములను లెక్కింతురు గాని దిద్దిన తప్పులను లెక్కింపరు. అందుచేత చురుకైన యువకులు ఈ పనిని విడిచి, జీతము హెచ్చుగా నుండు చోట్లకు పోవుచున్నారు. 2016లో కేవలము ఇట్టి తెఱపి సాఫ్ట్‌వేరును పరీక్షించి ప్రకటించు పత్రిక యొకటి పుట్టుట కొంత నయము. అందు పరీక్షకుల ప్రశ్నలును గ్రంథకర్తల జవాబులును గూడ అందఱికి కనబడును. ఐనను పని చేసినవానికి కూడుగుడ్డలు ఆ పత్రిక పెట్టజాలదు కదా. పట్టికను వాడుకొన్న ప్రతి వ్యాసమునందును, దానిని వ్రాసిన ప్రోగ్రామును దాని కర్తలను పేర్కొనుట విధిగా నుండవలెనని మేము కోరుచున్నాము. హైదరాబాదు సంపుటములమీద పలకలను కొలిచినవారిలో ఎందఱి పేళ్ళు నేడు ఎవరి నోట నున్నవి?

ఇపుడు దక్షిణాఫ్రికాలో 197 పళ్ళెములతోను, పశ్చిమ ఆస్ట్రేలియాలో 1,31,072 చిన్న ఆంటెన్నాలతోను చదరపు కిలోమీటరు దూరదర్శినిని కట్టుచున్నారు. నిర్మాణము 2022 డిసెంబరులో ఆరంభమయ్యెను. మన ప్రభుత్వము అందు పాల్గొనుటకు 1,250 కోట్ల రూపాయల వ్యయమునకు సమ్మతించినది. మనవారి పాలికి వచ్చిన భాగములలో ముఖ్యమైనది ఆ దూరదర్శినులను నడపి కాచు సాఫ్ట్‌వేరు. పళ్ళెములు దక్షిణాఫ్రికాలో నున్నను వానిని నడపు పంక్తులను వ్రాయువారిలో మనవారుందురన్నమాట. మన తెలుగు బాలురును బాలికలును దేశదేశముల సాఫ్ట్‌వేరు కొలువులలో నున్నారు. వారిలో కొందఱైన ఇటు చూచిన బాగుండునని మా యాశ. పెద్దచదువు లేనివారికిని త్రోవ కలదు. 2013లో ఆరంభమైన రాడ్ ఎట్ హోమ్ అను మన దేశపు సంఘము, ఖొడద్ దూరదర్శిని చిత్రములలో వింత జనకములను గుర్తించుటను సామాన్య విద్యార్థులకు నేర్పుచున్నది.

మమ్ము ప్రశ్న యడిగిన బాలుడు ఈ సంవత్సరము మా కంప్యూటరు గదిలో పైథాన్ భాషను నేర్చుకొనుచున్నాడు. ఒక రాత్రి ఏ వేళకు ఏ నక్షత్రము నడినెత్తికి వచ్చునో లెక్కించు చిన్న ప్రోగ్రాము నొకదానిని వ్రాసెను. దానిని తోడివానికి చూపి పరీక్షింపుమని మేము చెప్పి మూడు వారములైనది. తప్పులున్న నవ్వుదురని అతడు ఇంకను చూపలేదు.